గాజు తొట్టెలో సముద్ర నక్షత్రం

జువాలజీ రికార్డులో సముద్ర నక్షత్రం బొమ్మ గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నవాళ్లం మనం. పట్టణాల్లో కొందరు దాన్ని ఇంట్లోనే ఉప్పునీటి అక్వేరియంలో పెంచుతున్నారు. అయితే తెచ్చిన కొద్ది వారాలకే అది చనిపోవడం తరచుగా జరుగుతోంది. చాలాసార్లు అందుకు కారణం నీరే. ఐ.పోలవరం మండలంలో రొయ్యల చెరువులు చూస్తూ పెరిగిన మనకు ఈ విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

నీరే దానికి ఆధారం

నక్షత్ర చేప అని పిలిచినా అది చేప కాదు, ఎకైనోడెర్మేటా వర్గానికి చెందిన జీవి. దానికి మనలాంటి రక్తం లేదు. వీపు మీది జల్లెడ ఫలకంతో మొదలయ్యే జలప్రసరణ వ్యవస్థ ఉంది. అందులోని నీటి ఒత్తిడితో నాళికా పాదాలు కదులుతాయి. ఒంటిలోని ఉప్పును అదుపు చేసుకునే శక్తి దానికి దాదాపు లేదు. వనామీ రొయ్య 5 పీపీటీ ఉప్పులోనూ, 35 పీపీటీలోనూ పెరుగుతుంది. నక్షత్రానికి మాత్రం 35 దగ్గరే నిలకడగా ఉండాలి.

ఉప్పు లెక్క

వృద్ధ గౌతమి పాయ నీరు ఇందుకు పనికిరాదు. ఆటుపోట్లకు, గోదావరి వరదలకు దాని ఉప్పు మారిపోతుంది. వంట ఉప్పూ పనికిరాదు. కాల్షియం, మెగ్నీషియం కలిసిన అక్వేరియం ఉప్పును శుద్ధి చేసిన మంచినీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలపాలి. వేసవిలో చెరువు నీరు ఇగిరితే ఉప్పు పెరుగుతుంది కదా, తొట్టెలోనూ అంతే. అందుకని తగ్గిన మేరకు మంచినీరే పోయాలి, ఉప్పునీరు పోయకూడదు.

కొత్తగా తెచ్చిన నక్షత్రాన్ని నేరుగా తొట్టెలో వేయరాదు. దాన్ని తెచ్చిన నీటిలోనే ఉంచి, సన్నని గొట్టంతో సెలైన్ ఎక్కించినట్టు తొట్టె నీటిని చుక్కచుక్కగా కొన్ని గంటలపాటు కలపాలి.

అమ్మోనియా, మైలుతుత్తం

మేత మిగిలితే అమ్మోనియా పుడుతుంది. బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టెలో ఆ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి వారాలు పడుతుంది. నక్షత్రాన్ని మరికొన్ని నెలలు ఆగి తేవడం మేలు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. వేడి 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. కరెంటు పోయినా గాలి అందే ఏర్పాటు తప్పనిసరి.

చేపల జబ్బులకు వాడే రాగి మందులు నక్షత్రానికి విషం. చెరువుల్లో నాచుకు వేసే మైలుతుత్తంలో ఉన్నదీ రాగే. ఆ చేతులు కడగకుండా తొట్టెలో పెట్టకూడదు.

మేత, లక్షణాలు

ఇసుకలో దూరే రకాలు అందులోని చిన్న జీవులను తింటాయి. నీలి రంగు లింకియా రాళ్లపై పేరుకున్న పొరను తింటుంది. చిన్న తొట్టెలో ఆ తిండి అయిపోయాక అవి మెల్లగా ఆకలితో చస్తాయి. చాక్లెట్ చిప్ రకం రొయ్య ముక్కలు తింటుంది కానీ, పగడాలను కూడా వదలదు.

తిరగేస్తే తనంతట తాను బోర్లా పడేది ఆరోగ్యంగా ఉన్నట్టు. చేతులు వాలిపోయినా, తెల్ల మచ్చలు వచ్చినా వెంటనే నీరు పరీక్షించాలి. తెగిన చేయి మళ్లీ మొలుస్తుందని చదివాం కానీ, తొట్టెలో చేయి రాలడం తరచుగా ప్రమాద సూచన.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. కానీ ఉప్పు, గాలి, మేత లెక్కలు చెరువు గట్ల మీద పనిచేసిన మన పెద్దలకు ఎప్పటి నుంచో తెలుసు. పుస్తకం ఆ లెక్కలకు కారణం చెబుతుంది. ఈ ఏర్పాట్లన్నీ చేయగలిగితేనే నక్షత్రాన్ని ఇంటికి తెచ్చుకోవాలి. లేకపోతే దాన్ని సముద్రంలోనే ఉండనివ్వడం మంచిది.