తలుపు మార్చే ముందు

ఉప్పాడ అనగానే మనకి జమ్‌దానీ చీరలు గుర్తొస్తాయి. ఆ చీర కొనేటప్పుడు అంచు తిరగేసి, పోగు తడిమి మరీ చూస్తాం. ఇంటికి తలుపు మార్చేటప్పుడు మాత్రం మగవాళ్ళకీ, వడ్రంగికీ వదిలేసి ఊరుకుంటాం. తరవాత రోజూ ఆ తలుపుతో కుస్తీ పట్టేది ఎవరండీ? మనమే కదా!

ఉప్పాడలో మా పిన్నిగారి వీధితలుపు సంగతి చెబుతాను. వానాకాలంలో బిగుసుకుపోతోందని చిత్రిక పట్టించారు. శివరాత్రి నాటికి సందులోంచి వేలు దూరేటట్టయింది. విసుగొచ్చి తలుపే మార్చేశారు. మంచి టేకు. అయినా ఏడాది తిరక్కుండానే వాలిపోయి గడపని రాసుకోసాగింది. తప్పు టేకుది కాదు. ఇనుప మడతబందులు ఉప్పుగాలికి తుప్పుపట్టి, స్క్రూలు వదులైపోయాయి.

చెక్క గాలిలోని తేమ పీల్చుకుని వెడల్పున ఉబ్బుతుంది, పొడిగాలికి మళ్ళీ కుంచించుకుంటుంది. అందుకని వానల్లో బిగిసిన తలుపుని అప్పుడే చిత్రిక పట్టించకండి. కొన్నాళ్ళు ఆగండి. అప్పటికీ బిగుతుగా ఉంటేనే కాస్త తీయించండి.

కొత్త తలుపు కొనేముందు ద్వారబంధం చూసుకోవాలి. గడప దగ్గర మొలతో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే చెదో, చివుకో పట్టిందన్నమాట. అలాంటి దానికి కొత్త తలుపు బిగిస్తే డబ్బు దండగ. గట్టిగా ఉంటే వెడల్పు పైనా, మధ్యా, కిందా మూడుచోట్ల కొలిపించి, తక్కువ కొలతనే పట్టుకోండి. మూల నుంచి మూలకి తాడు పట్టి చూడండి. రెండు కొలతలూ సమానంగా లేకపోతే ద్వారబంధం ఒరిగిందని అర్థం.

వీధితలుపుకి టేకు మేలు. కాని చేవ ఉన్న చెక్కే కావాలి. పైనుండే తెల్లచెక్కని చెద వదలదు. లోపలి గదులకి ఫ్లష్ డోరు చాలు, ఐ.ఎస్. 2202 గుర్తు ఉందేమో చూసుకోండి. స్నానాలగదికి పీవీసీ తలుపైతే తడికి ఉబ్బదు.

తలుపు బిగించకముందే ఆరువైపులా రంగు వేయించండి. పైఅంచూ, కిందిఅంచూ కనబడవు కదా అని పనివాళ్ళు వదిలేస్తారు. నీళ్ళు తాగేది అక్కడే! మడతబందులు రెండు కాదు, మూడు ఉండాలి. సముద్రం దగ్గర ఇత్తడివో, స్టెయిన్‌లెస్ స్టీలువో వాడాలి. స్టీలులో 304 కన్నా 316 రకం ఉప్పుగాలిని బాగా తట్టుకుంటుంది. స్క్రూలు కూడా అదే లోహానివి కావాలి. పైనా కిందా గడియలు ద్వారబంధంలోకీ, గడపలోకీ లోతుగా దిగాలి.

ఇంత పట్టింపు ఎందుకంటారా? 1996 నవంబరు 6న కాకినాడకి దక్షిణాన తీరం దాటిన తుఫానుని ఈ ప్రాంతంవాళ్ళు మరిచిపోలేరు. పెనుగాలి ఇంటి కప్పుని పైకి లాగుతుంది. గాలికి ఎదురుగా ఉన్న తలుపు ఊడిందంటే లోపల చొరబడ్డ గాలి కప్పుని కిందనుంచి కూడా తోస్తుంది. మన వీధితలుపులు ఎక్కువగా లోపలికి తెరుచుకునేవే. అంటే ఆ తోపంతా గడియల మీదా, మడతబందుల మీదా పడుతుందన్నమాట. తుప్పుపట్టిన నాలుగు స్క్రూలు కప్పునే తీసుకుపోవచ్చు!

అలాగని గట్టి తలుపుంది కదా అని ధీమా వద్దు. ఉప్పాడలో సముద్రపు కోతకి ఇళ్ళకి ఇళ్ళే పోయాయి; దానికి ఏ తలుపూ అడ్డు కాదు. ఊరు ఖాళీ చేయమన్నప్పుడు తాళం వేసి, పిల్లల్ని తీసుకుని బయల్దేరడమే.

ఈ వారం ఓ పని చేయండి. మీ వీధితలుపు తెరిచి, మడతబందుల వెనక ఓసారి వేలితో రాయండి. వేలికి ఎర్రపొడి అంటిందా, ఇక ఆలస్యం చేయకండి. తలుపు మార్చక్కర్లేదు, ముందు మడతబందులు మార్పించండి.