ఎగరడమే కాదు, దిగడమూ నేర్వాలి

తొమ్మిదో శతాబ్దంలో స్పెయిన్‌లోని కుర్తుబా నగరంలో అబ్బాస్ ఇబ్నె ఫిర్నాస్ అనే పండితుడు రెక్కలు కట్టుకొని గాలిలోకి ఎగిరారు. కొంత దూరం తేలియాడారు గాని, దిగేటప్పుడు వీపుకు బలమైన దెబ్బ తగిలింది. పక్షి దిగేందుకు తోక తోడ్పడుతుందన్న సంగతిని ఆయన విస్మరించారని చరిత్రకారుడు అల్ మక్ఖరీ రాశారు. నేటి పైలట్ శిక్షణకూ ఇదే మొదటి పాఠం: పైకి లేవడం కన్నా క్షేమంగా దిగడమే అసలు విద్య.

కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి పట్టణాల పిల్లలకు ఈ విద్య అందనిదేమీ కాదు. హైదరాబాద్ పాతబస్తీకి చెందిన బేకరీ కార్మికుని కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో చిన్న సెస్నా విమానంపై శిక్షణ పొంది, వాణిజ్య పైలట్ అయ్యారు. ఆ సంస్థే నేటి తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ.

అయితే లైసెన్సుల మధ్య తేడాను కుటుంబాలు ముందే గ్రహించాలి. ప్రైవేటు పైలట్ లైసెన్సుకు 17 ఏళ్ల వయసు, పదో తరగతి ఉత్తీర్ణత, వైద్య పరీక్ష, కనీసం 40 గంటల విమానయానం అవసరం. దానితో జీతానికి విమానం నడపరాదు. ఉద్యోగానికి కావలసిన వాణిజ్య లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. ఇంటర్‌లో భౌతిక, గణిత శాస్త్రాలు చదివి ఉండాలి. చేర్పించే ముందు ఆ శిక్షణ సంస్థకు డీజీసీఏ ఆమోదం ఉన్నదీ లేనిదీ విచారించుకోవాలి.

చిన్న విమానం నడిపేవారు నేలను చూసి దారి పోల్చుకుంటారు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వైపు సాగే విమానానికి ఎడమన పోచారం జలాశయం, ఎదురుగా నిజాంసాగర్ ఆనవాళ్లు. మబ్బులోకి చొరబడితే ఆ గుర్తులన్నీ మాయమవుతాయి. అప్పుడు చెవిలోని సమతౌల్య జ్ఞానం మోసగిస్తుంది. విమానం ఒరిగిపోతున్నా తిన్నగానే పోతున్నట్లు తోస్తుంది. అందుకే మబ్బు కమ్ముకోకముందే వెనుదిరగాలి.

మన వేసవి ఎండకు గాలి పలుచబడుతుంది. విమానం పైకి లేవడానికి మరింత పొడవైన రన్‌వే కావాలి. ముక్కును మితిమీరి పైకెత్తితే రెక్కలు పట్టు కోల్పోతాయి. వెంటనే ముక్కు దించడమే దానికి విరుగుడు. లేచిన కొద్ది క్షణాలకే ఇంజను ఆగిపోతే రన్‌వేకు మళ్లే ప్రయత్నం తరచూ ప్రాణాంతకమవుతుంది. ముందున్న పొలంలోనో మైదానంలోనో దింపడం మేలు.

ఇవి పరీక్ష కోసం వల్లించే మాటలు కావు. 2019 అక్టోబర్ 6న వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ వద్ద శిక్షణ విమానం కూలి ఇద్దరు యువ శిక్షార్థులు అసువులు బాశారు. ఆకాశంలో తడబాటుకు చెల్లించే మూల్యం అంతటిది.

శిక్షణకు లక్షల రూపాయలు వ్యయమవుతాయి. అప్పు చేసి చదివించే ఇంట గంటలు త్వరగా పూర్తి కావాలన్న ఆరాటం సహజం. కాని ఆ ఆరాటమే బిడ్డ భుజాలపై బరువై, ఎగరరాని రోజున ఎగిరేలా చేయవచ్చు. “వాతావరణం బాగోలేదు, ఈ రోజు వెళ్లలేదు” అని బిడ్డ ఫోనులో చెబితే, రోజు వృథా అయిందని నిట్టూర్చకండి. మంచి పని చేశావని మెచ్చుకోండి. పైలట్‌కు ఉండవలసిన వివేకం ఆ నిర్ణయంలోనే ఉంది. దానికి ఇంటి నుంచి అందే అండ ఏ శిక్షకుడూ ఇవ్వలేనిది.