నడవమంటాం... దారేదీ?

మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి మందులతో పాటు నడకా రాస్తాం. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలి. ‘ఎక్కడ నడవమంటారు డాక్టరుగారూ?’ అని చాలామంది అడుగుతారు. నిజమే. ఫుట్‌పాత్‌ మీద ట్రాన్స్‌ఫార్మర్లు, బైకులు, దుకాణాల సామాన్లు! మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వాహనాల మధ్యకు దిగాల్సిందే. పిల్లల సైకిళ్లదీ అదే పరిస్థితి.

పట్టణ మాస్టర్‌ప్లాన్‌ ముసాయిదా విడుదలైతే అభ్యంతరాలు, సూచనలు కోరతారు. మన స్థలం రోడ్డులో పోతోందా అన్నదే చూసుకుంటాం. ఈసారి నడక గురించీ రాయండి.

ముందు టేపుతో కొలవండి. ఇండియన్‌ రోడ్స్‌ కాంగ్రెస్‌ మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్‌పై అడ్డంకుల్లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లుండాలి. అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే కీళ్ల నొప్పులున్నవారు ఎక్కలేరు, దిగలేరు.

‘ఫుట్‌పాత్‌ బాగాలేదు’ అంటే చాలదు. ఏ వీధి, ఏ మలుపు, ఎంత వెడల్పు, అడ్డేమిటి అన్నవి రాసి, ఫొటో జతచేసి, గడువులోగా ఇవ్వండి. రసీదు తీసుకోండి. సైకిళ్లకు విడిగా దారి అడగండి.

నడిచేవారికి అడ్డంకుల్లేని ఫుట్‌పాత్‌ జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మొహమాటపడకుండా అడగండి. మాత్రలు మేం రాయగలం. దారి మాత్రం మీరే రాయించుకోవాలి.