పుస్తకం మూశాక మొదలయ్యే చదువు

మార్చి వచ్చిందంటే మన డెల్టా పల్లెల్లో చర్చి గేటు రాత్రి పొద్దుపోయే దాకా తీసే ఉంటుంది. పదో తరగతి పిల్లలు చాపలు, పుస్తకాలు పట్టుకుని వస్తారు. ఇంట్లో ఉన్నది ఒక్క గది. అందులోనే టీవీ, వంట, తమ్ముళ్ల అల్లరి, మధ్యలో వచ్చిపోయే చుట్టాలు. మందిరంలో అయితే లైటుంది, ఫ్యానుంది, పాస్టరు గారు ఏమీ అనరు. తల్లిదండ్రులకూ ధైర్యం: "మావాడు చర్చిలో చదువుకుంటున్నాడండి."

చదువుకుంటున్నాడా? తొమ్మిది గంటలప్పుడు ఒకసారి వెళ్లి చూడండి. పది మంది ఉంటే ఇద్దరు నిజంగా చదువుతుంటారు. ముగ్గురు పుస్తకం తెరిచి రంగు పెన్నుతో గీతలు గీస్తుంటారు. మిగిలిన ఐదుగురి మధ్య ఒక ఫోను ఉంటుంది. పిల్లల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. కలిసి కూర్చోమని చెప్పాం గానీ, కలిసి ఎలా చదవాలో వాళ్లకు ఎవరమూ చెప్పలేదు.

ఈ విషయంలో మన ఊళ్లకు చాలా దూరంలో, అమెరికాలో జరిగిన ఒక సంగతి తెలుసుకోవడం మంచిది. 1970ల్లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యూరీ ట్రైస్‌మన్ అనే యువకుడు గణితం బోధించేవాడు. అక్కడ నల్లజాతి విద్యార్థులు చాలామంది లెక్కల పరీక్ష తప్పేవారు. ఎందుకని అధ్యాపకులను అడిగితే, వాళ్లకు పట్టుదల లేదనీ, పునాది లేదనీ, ఇంట్లో ప్రోత్సాహం లేదనీ చెప్పారు. పేదల పిల్లల గురించి మన దగ్గర వినిపించే మాటలూ ఇవే కదా! ట్రైస్‌మన్ ఆ మాటలు నమ్మి ఊరుకోలేదు. ఇరవై మంది నల్లజాతి విద్యార్థులను, ఇరవై మంది చైనా మూలాలున్న విద్యార్థులను ఎంచుకుని, వాళ్లు ఎలా చదువుతున్నారో దగ్గరుండి చూశాడు. నల్లజాతి పిల్లలు బద్ధకస్తులు కారు. వారానికి 8 గంటలు చదవాలని చెబితే సరిగ్గా 8 గంటలు చదివేవారు. కానీ ఒంటరిగా చదివేవారు. రెండో జట్టు వాళ్లు సుమారు 14 గంటలు చదివేవారు. ముందు ఎవరికి వారు లెక్కలు చేసుకుని, తర్వాత రాత్రిపూట ఒకచోట చేరి జవాబులు సరిచూసుకునేవారు.

ఇక్కడ గంటల కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఒంటరిగా చదివే పిల్లవాడికి లెక్క రాకపోతే, అది తనకొక్కడికే రావడం లేదనుకుంటాడు. నలుగురిలో ఉన్నవాడికి ఆ లెక్క అందరికీ కష్టంగానే ఉందని తెలుస్తుంది. మొదటివాడు సిగ్గుపడి పుస్తకం మూసేస్తాడు. రెండోవాడు మర్నాడు ఉదయం ధైర్యంగా మాస్టారిని అడుగుతాడు. తర్వాత ట్రైస్‌మన్ ఆ విద్యార్థులను జట్లుగా కూర్చోబెట్టి, తేలిక లెక్కలు కాదు, మరింత కష్టమైన లెక్కలు ఇచ్చాడు. వాళ్ల ఫలితాలు మారిపోయాయి.

అయితే మనకు ఇది అమెరికావాళ్లు నేర్పాల్సిన విద్యా? 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల బడికి ఆండ్రూ బెల్ అనే చాప్లిన్ పెద్దగా ఉండేవాడు. ఒకరోజు దారిలో ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకుంటుంటే చూశాడు. తన బడిలోనూ అలాగే చేయిద్దామంటే అక్కడి ఉపాధ్యాయులు ఒప్పుకోలేదు. అందుకని 8 ఏళ్ల పిల్లవాడిని పిలిచి, వాడిచేత చిన్నపిల్లలకు చెప్పించాడు. అది బాగా సాగింది. 1797లో ఆయన ఇంగ్లండులో ఆ సంగతి పుస్తకంగా వేస్తే దానికి 'మద్రాసు పద్ధతి' అని పేరొచ్చింది. అంటే పిల్లలు పిల్లలకు చెప్పుకునే చదువు మన వైపు నుంచే వెళ్లింది. నరసాపురం వైపు డెల్టా మిషన్‌లోనో, రాజమండ్రి లూథరన్ మిషన్‌లోనో బోర్డింగులో పెరిగిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఒక్క దీపం చుట్టూ ఎంతమంది చదివేవారో వాళ్లనే అడగండి. దానియేలు కథలో కూడా సింహాల గుహ గురించి సండే స్కూల్లో చెబుతాం గానీ, అతనూ ముగ్గురు స్నేహితులూ బబులోనులో మూడేళ్లు కలిసి విద్య నేర్చుకున్న సంగతి దాటేసి పోతాం.

సరే, ఎలా చదవాలి? ముందు ఎవరికి వారు చదవాలి. చదవకుండా జట్టులోకి వచ్చినవాడు వినడానికే వస్తాడు. అరగంటో ముప్పావుగంటో నిశ్శబ్దంగా చదివాక అందరూ పుస్తకాలు మూయాలి. అసలు చదువు అప్పుడు మొదలవుతుంది.

పాఠం మన కాలువల గురించే అనుకుందాం. ధవళేశ్వరం ఆనకట్ట పని కాటన్ దొర హయాంలో 1847లో మొదలై 1852లో పూర్తయిందని ఒక పిల్ల గడగడా అప్పజెప్పింది. పక్కనున్న పిల్ల అడగాల్సిన ప్రశ్న: "గోదావరి అంతకుముందూ మన పక్కనే పారింది కదా, మరి 1833లో అంత కరవు ఎందుకొచ్చింది?" ఆ పిల్ల తడుముకుంటుంది. నది నీరు పొలాల కన్నా కిందుగా పారేది. ఆనకట్ట నీటి మట్టాన్ని పైకి లేపింది. డెల్టా నేల సముద్రం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి మోటారు లేకుండానే నీరు కాలువల్లో దానంతట అదే దిగుతుంది. ఈ జవాబు తన మాటల్లో చెప్పుకున్న పిల్ల ఇక సంవత్సరాలు కూడా మరిచిపోదు. లెక్కలైతే నలుగురూ ఒకే లెక్క విడివిడిగా చేసి, జవాబులు తేడా వచ్చిన చోట ఎక్కడ దారి తప్పామో వెతకాలి. జీవశాస్త్రం బొమ్మలు చూడకుండా బోర్డు మీద గీయాలి. ఎవరికీ తేలనిది ఒక కాగితం మీద రాసి ఉదయం మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాలి.

పుస్తకం మూయడం మీద ఇంత పట్టు ఎందుకంటారా? 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు ఒక చిన్న పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే వాళ్లకు 42 శాతం గుర్తుంది, చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది. మన పిల్లలు మళ్లీ మళ్లీ చదివి "వచ్చేసింది" అనుకోవడం ఆ ఐదు నిమిషాల ధైర్యమే. పరీక్ష మాత్రం ఐదు నిమిషాల తర్వాత ఉండదు.

బాగా చదివే పిల్లల తల్లిదండ్రులకు ఒక భయం ఉంటుంది, అది నాకు తెలుసు. పదో తరగతి మార్కుల మీదే నూజివీడు ట్రిపుల్ ఐటీ సీటు ఆధారపడి ఉంటే, మా అమ్మాయి తన సమయం పక్కవాళ్లకు ఎందుకు పంచాలి అంటారు. వివరించి చెప్పేవాళ్లకే ఎక్కువ వస్తుందన్నది బడిలో పాఠం చెప్పిన ఎవరినడిగినా చెబుతారు. కాకపోతే రోజూ ఆ అమ్మాయే చెప్పి, మిగతావాళ్లు తలలూపితే అది ట్యూషను అవుతుంది. వెనకబడిన పిల్లవాడికి కూడా ఒక చిన్న భాగం అప్పగించి, రేపు నువ్వే చెప్పాలి అనాలి. జట్టులో నలుగురైదుగురికి మించకూడదు. ఎనిమిది మంది అయితే ముగ్గురు దాక్కుంటారు.

ఆడపిల్లల మాట ఈ లెక్కలో తరచూ జారిపోతుంది. రాత్రి తొమ్మిదికి మందిరంలో కూర్చునేది మగపిల్లలే. ఆడపిల్లలకు తెల్లవారుజామునో, బడి వదిలిన వెంటనే చీకటి పడేలోపో వేళ కేటాయించి, స్త్రీల సమాజం నుంచి ఒకరిద్దరు అక్కడ కూర్చుంటే చాలు. పాఠం చెప్పనక్కరలేదు, ఆ గంటసేపు ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయిస్తే చాలు.

ఇక సంఘ పెద్దలకు ఒక మనవి. శ్రమకాల కూడికలూ పదో తరగతి పరీక్షలూ చాలా ఏళ్లు ఒకే నెలలో వస్తాయి. కూడికలు మానమని ఎవరూ అనరు. కానీ గోపురం మీద మైకు ఊరంతటికీ పెట్టాలా, లోపల కూర్చున్న నలభై మందికి సరిపోయేంత పెడితే చాలదా? మన మైకు మోగే వీధిలోనే, మన మందిరానికి రాని ఇళ్లలో కూడా హాల్‌టికెట్టు పుస్తకంలో పెట్టుకుని కూర్చున్న పిల్లలున్నారు. వాళ్లనూ ఆ చాపల మీదికి పిలవండి.