సరకుండుట వేఱు, చేరుట వేఱు

అంగడిలో బియ్యము కొనునప్పుడు ధర యెంతయని యడుగుదుము గాని, ఆ బియ్యము మన యూరికెట్లు వచ్చెనని యడుగము. పండించుటకును అమ్ముటకును నడుమ మోయుట, నిలువచేయుట, పంచుట అను పనులు కలవు. వీనినన్నిటిని కలిపి యిప్పుడు లాజిస్టిక్స్ అనుచున్నారు. ఇది వర్తకులకు మాత్రమే కావలసిన విద్య యని తలంచువారికి 1876-78 నాటి కరువును జ్ఞప్తికి దెచ్చుచున్నాము.

ధాత కరువని పెద్దలు చెప్పుకొను ఆ కాలమున కర్నూలు, కడప, బళ్లారి మండలములు మిక్కిలి బాధపడెను. లక్షలకొలది జనులు మరణించిరి. ధాన్యము బొత్తిగా లేకపోలేదు. ఓడలమీద మద్రాసునకు వచ్చిన బస్తాలు సముద్రతీరమున కుప్పలు పడియుండెను. మద్రాసునుండి కడప, ఆదవానిల మీదుగా రాయచూరు వఱకు రైలుమార్గము 1871 నాటికే పూర్తియైయుండెను; అయినను వచ్చినంత ధాన్యమును మోయుటకు రైళ్లు చాలకపోయెను. స్టేషనులో దింపిన బస్తా దూరపు పల్లెకు చేరవలెనన్న ఎద్దుబండి కావలెను. వానలు లేక గడ్డి లేదు. గడ్డి లేక యెద్దులు చచ్చెను.

బండి దినమునకు పదిమైళ్లు నడచుననుకొందము. ముప్పదిమైళ్ల పల్లెకు పోవుటకు మూడు దినములు, మరలుటకు మూడు. దారిలో మేత దొరకనియెడల ఆఱు దినముల మేతయు బండిమీదనే పోవలెను. మేత హెచ్చినకొలది బియ్యము తగ్గును. ఓడ, రైలు, బండి అను మూడు లంకెలలో కడపటిది తెగినచో మొదటి రెండును అక్కఱకు రావు. ధాన్యము చేరినచోటనైనను కూలివానిచేత డబ్బు లేదు. అది వేఱొక కథయైనను మఱవరాదు.

ఈ లెక్కను మార్చునది నీరు. ఒక పడవలో అనేక బండ్ల బరువు పట్టును. దానిని గట్టుమీదనుండి కొలదిమంది మనుష్యులే త్రాటితో లాగగలరు. ధవళేశ్వరము ఆనకట్టను 1852లో ముగించిన సర్ ఆర్థర్ కాటన్ దొర, కాలువలు పైరులకే గాక పడవలకును పనికిరావలెనని పట్టుబట్టుటకు కారణమిదియే. బకింగుహాము కాలువలో మద్రాసు నగరపు భాగమును ఆ కరువుకూలీలే త్రవ్విరి. పిమ్మట దానిమీద బియ్యము, ఉప్పు, వంటచెఱకు చిరకాలము సాగెను. పడవ మెల్లగా పోవును. కాని ఉప్పునకు తొందర లేదు, పాలకు కలదు. ఏ సరకునకు ఏ వాహనమో నిర్ణయించుటయే ఈ విద్యలో సగము.

తక్కిన సగము నిలువ. మా వసతిగృహమునకు దినమునకొక బస్తా బియ్యము కావలెను. కబురుపెట్టిన అయిదు దినములకు లారీ వచ్చును. కావున అయిదు బస్తాలు మిగిలినప్పుడు గాక, ఎనిమిది ఉండగనే కబురంపవలెను. ఆ మూడును ఆటంకములకు. ముప్పది నిలువచేసితిమా, పురుగు పట్టును, సొమ్మును చిక్కుకొనును. ఒక వానకాలమున మేమీ లెక్కను మఱచితిమి. వాగు పొంగి లారీ ఆవలిగట్టున నిలిచిపోయెను. రెండు దినములు పిల్లలు జొన్నసంకటి తినిరి. వారిలో కొందఱు అదియే బాగున్నదనిరి.