ఏ వార్డుకూ చెందని పీజీ

తెల్లవారుజామున నాంపల్లి స్టేషన్లో రైలు దిగేవాళ్లలో కొందరి చేతిలో ప్లాస్టిక్ కవరు ఒక్కటే ఉంటుంది. అందులో ఎక్స్‌రేలు, రక్తపరీక్షల కాగితాలు, నలిగిపోయిన మందుచీటీలు. అక్కడి నుంచి రెడ్‌హిల్స్ వైపు నడిస్తే 1953 నుంచి పిల్లల్ని కాపాడుతున్న నీలోఫర్ ఆస్పత్రి వస్తుంది. క్యాన్సర్‌కు ఎం.ఎన్.జె. ఆస్పత్రి కూడా ఆ దాపుల్లోనే. ఆటో ఎక్కి ఖైరతాబాద్ దాటితే పంజాగుట్టలో నిమ్స్. ఈ మూడింటికీ రాక తప్పనివాళ్లు ఆ గుంపులో ఉంటారు. రానక్కర్లేనివాళ్లూ ఉంటారు. ఏ నలతకు ఎంతదూరం వెళ్లాలో చెప్పే మనిషి ఊళ్లో లేక, అప్పుచేసి టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లు వాళ్లు.

ఆ చెప్పే మనిషిని తయారుచేసే చదువు పేరు ఫ్యామిలీ మెడిసిన్. ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ ముగిశాక నీట్ పీజీ రాసి, డీఎన్‌బీ కింద మూడేళ్లు ఆస్పత్రిలో రెసిడెంటుగా పనిచేస్తూ నేర్చుకోవాలి. 1975లో ఏర్పడిన నేషనల్ బోర్డ్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ ఈ డిగ్రీ ఇస్తుంది. మెడికల్ కాలేజీ లేని ఆస్పత్రులు కూడా బోర్డు గుర్తింపు ఉంటే ఇందులో శిక్షణ ఇవ్వొచ్చు. 2020లో బోర్డు మొదలుపెట్టిన ఎనిమిది రెండేళ్ల డిప్లొమాల్లోనూ ఫ్యామిలీ మెడిసిన్ ఒకటి. అయినా పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఈ పీజీలకు ఎదురయ్యే ప్రశ్న మాత్రం మారదు. "ఫ్యామిలీ మెడిసినా? అంటే ఏ పార్టు డాక్టరువమ్మా?"

నాంపల్లి స్టేషన్ రోడ్డులో గోల్డెన్ థ్రెషోల్డ్ ఉంది. సరోజినీ నాయుడు ఇల్లుగా అందరికీ తెలుసు. ఆమె భర్త గోవిందరాజులు నాయుడు ఎడిన్‌బరోలో వైద్యం చదివి నిజాం కొలువులో పనిచేసిన డాక్టరని గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ. ఆ రోజుల్లో జనం దృష్టిలో డాక్టరంటే అన్నీ చూసేవాడే. తర్వాత గుండెకొకరు, ఎముకకొకరు వచ్చారు. మొత్తం మనిషిని చూసేవాడు పలచబడ్డాడు. అమెరికాలో ఈ లోటు ముందే గమనించి, 1969లో ఫ్యామిలీ ప్రాక్టీసును విడిగా ఒక స్పెషాలిటీగా గుర్తించారు.

దానికి ఎనిమిదేళ్ల ముందు కెర్ వైట్ అనే వైద్యుడు, తన సహచరులతో కలిసి ఒక లెక్క కట్టాడు. వెయ్యిమంది పెద్దవాళ్లను తీసుకుంటే నెలలో 750 మందికి ఏదో ఒక నలత చేస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేది 250 మంది. ఆస్పత్రిలో చేరేది తొమ్మిదిమంది. బోధనాస్పత్రి దాకా చేరేది ఒక్కరు. అది పాశ్చాత్య దేశాల లెక్కే కానీ, అది లేవనెత్తే ప్రశ్న మనదే. వైద్యవిద్యార్థి ఏళ్ల తరబడి ఆ ఒక్కరి మంచం పక్కన నిలబడి చదువుకుంటాడు. మిగతా 249 మందికి వైద్యం ఎలా చేయాలో అతనికి ఎక్కడ నేర్పుతారు?

ఫ్యామిలీ మెడిసిన్ పీజీ జీవితం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మెడిసిన్ వార్డులో కొన్ని నెలలు, తర్వాత పిల్లల వార్డు, లేబర్ రూం, సర్జరీ. ఎముకలు, చర్మం, కన్ను, చెవి-ముక్కు-గొంతు, మానసిక వైద్యం కొన్నేసి వారాలు. మెడిసిన్లో ఛాతీనొప్పితో వచ్చినవాడి ఈసీజీ నిమిషాల్లో చదవాలి. పిల్లల వార్డులో బిడ్డ బరువును బట్టి మందు మోతాదు కట్టాలి. సర్జరీలో గడ్డ కోసి చీము తీయడం, కుట్లు వేయడం, ఎముకల విభాగంలో పిండికట్టు కట్టడం చేతికి అలవడాలి. ఒకచోట నర్సులకు పేరు తెలిసి, పనిమీద నమ్మకం కుదిరేసరికి పోస్టింగు అయిపోతుంది. మళ్లీ కొత్త యూనిట్, కొత్త చీఫ్, కొత్త కేస్ షీట్ పద్ధతి.

ఎక్కడికి వెళ్లినా అతిథే. లేబర్ రూంలో గైనిక్ పీజీలు మూడేళ్లు ఉండేవాళ్లు. కాన్పు చేసే అవకాశం ముందు వాళ్లకే దక్కడం సహజం. పక్కన నిలబడ్డ ఫ్యామిలీ మెడిసిన్ పీజీ అడిగి మరీ పని సంపాదించుకోవాలి, లాగ్‌బుక్ నింపుకోవాలి. సిగ్గుపడితే ఆ విద్య చేజారినట్టే. దీనికితోడు థీసిస్. మంచి గైడ్ దొరికితే థీసిస్ కళ్లు తెరిపిస్తుంది. బీపీ మాత్రలు జనం మధ్యలో ఎందుకు మానేస్తున్నారన్నది ఈ శాఖకు అచ్చంగా సరిపోయే ప్రశ్న.

నైట్ డ్యూటీల సంగతి వేరే చెప్పాలి. రెసిడెంట్లతో వారానికి 48 గంటలకు మించి, ఏకబిగిన 12 గంటలకు మించి పని చేయించకూడదని కేంద్రం 1992లోనే ఆదేశించింది. ఇరవై నాలుగు గంటల డ్యూటీ దిగి, ముఖం కడుక్కుని రౌండ్స్‌కు వెళ్లే పీజీలు ఇప్పటికీ ఏ ఊళ్లోనైనా కనిపిస్తారు. జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనలు వారానికో సెలవు ఇవ్వమన్నాయి. పనిగంటల దగ్గరికి వచ్చేసరికి 'సహేతుకమైన' అన్న మాటతో సరిపెట్టాయి. నిద్రలేని డాక్టరు రాసిన మందుచీటీ రోగికే ప్రమాదం. 'సహేతుకమైన' అన్న మాట స్థానంలో ఒక అంకె ఉండాల్సింది.

ఈ పీజీ అతిథిగా కాక ఇంటిమనిషిగా మెలగగల చోటు బస్తీ. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకురాలు. రక్తం తీసి పంపితే పరీక్షలు ఉచితం. ఇలాంటి ఓపీ గదిలో కూర్చుంటే పుస్తకంలో పేరున్న జబ్బుతో ఎవరూ రారు. "నీరసం" అంటారు, "తిమ్మిర్లు" అంటారు, దక్కనీలో "చక్కర్ ఆరే" అంటారు. ఆ మూడు మాటల వెనక రక్తహీనత ఉండొచ్చు, షుగర్ ఉండొచ్చు, ఇంట్లో తాగుబోతు మొగుడు ఉండొచ్చు. వానాకాలం జ్వరంతో వచ్చినవారిలో ఎవరిని ఇంటికి పంపాలి, ఎవరిని డెంగీ అనుమానంతో మర్నాడు మళ్లీ రమ్మనాలి, ఎవరిని ఆ క్షణమే ఆటో ఎక్కించాలి? కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత లాంటి ప్రమాద సంకేతాలు చూసి తేల్చాలి. జ్వరం తగ్గిన రోజే కొందరికి అసలు గండం మొదలవుతుందన్నది ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి.

"ఒక సెలైన్ పెట్టండి మేడం, ఓపిక వస్తది" అనేవాళ్లకు వద్దని చెప్పి, వాళ్లు పక్కవీధి ఆర్‌ఎంపీ దగ్గరికి పోకుండా చూసుకోవడం ఈ శిక్షణలో అన్నింటికన్నా కష్టమైన పాఠం. దానికి మార్కులు ఉండవు.

ఏటా జూన్‌లో మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం వేలమంది ఆయాసం రోగులు బారులు తీరతారు. వాళ్లను మూఢులని తీసిపారేయడం తేలిక. వాళ్లు అడిగేది ఊపిరి. ఇన్‌హేలర్ వాడితే అలవాటైపోతుందన్న భయం ఇంకా మన ఇళ్లలో బలంగా ఉంది. ఇన్‌హేలర్‌ను కదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, నొక్కుతూనే నెమ్మదిగా పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలని పక్కన కూర్చుని చేయించి చూపడానికి పది నిమిషాలు పడుతుంది. వంద మంది వచ్చే ఓపీలో ఆ పది నిమిషాలు ఎవరికీ ఉండవు. ఎప్పుడు, ఎవరికి వాటిని కేటాయించాలో తెలియడం ఫ్యామిలీ మెడిసిన్ పీజీ నేర్చుకునే విద్యలో భాగం.

చిత్తూరు జిల్లా జనానికి బాగా తెలిసిన వేలూరు సీఎంసీ ఇలాంటి బస్తీ వైద్యంలో చాలా ముందు నడిచింది. అంత పెద్ద ఆస్పత్రి, 1982లోనే ఊళ్లోని పేదల కోసం తక్కువ ఖర్చు వైద్యానికి విడిగా ఒక యూనిట్ పెట్టింది. అక్కడ అవసరమైన పరీక్షే చేస్తారు. ఫ్యామిలీ మెడిసిన్ నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి ఉండదు.

అమెరికా వెళ్లి ఇదే శాఖ చదివే తెలుగు డాక్టర్లూ ఎందరో. ఉస్మానియా, గాంధీ, గుంటూరు కాలేజీల్లో చదివి, అక్కడి పరీక్షలు రాసి, రెసిడెన్సీ సీటు తేల్చే, మార్చి మూడో వారంలో వెలువడే 'మ్యాచ్' ఫలితం కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. అక్కడా రెసిడెన్సీ మూడేళ్లే. పనికి వారానికి 80 గంటల హద్దు 2003 నుంచి ఉంది. తేడా ఏమిటంటే, మొదటి ఏడాది నుంచే ప్రతి రెసిడెంటుకూ తనవంటూ కొందరు రోగులుంటారు. గర్భిణిగా చూసిన ఆమె బిడ్డకు టీకాలు తనే వేయించవచ్చు. మన దగ్గర పీజీలకు కొరవడింది ఈ కొనసాగింపే. జె-1 వీసా మీద చదివినవారిలో చాలామంది స్వదేశానికి తిరిగి రావాలన్న నిబంధన నుంచి మినహాయింపు కోసం డాక్టర్లు దొరకని ప్రాంతాల్లో మూడేళ్లు పనిచేస్తారు. అక్కడి చిన్న ఊళ్లలో మన పేర్లున్న డాక్టర్లు కనిపించడానికి ఇదొక కారణం.

ఇక్కడ 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ 'ఫ్యామిలీ డాక్టర్' పేరుతోనే ఒక పథకం తెచ్చింది. కానీ నిర్ణీత రోజుల్లో 104 వాహనంతో పల్లెకు వెళ్లింది పీహెచ్‌సీ వైద్యాధికారులు. హైదరాబాద్ బస్తీ దవాఖానాలో డాక్టరు కొలువుకూ ఎంబీబీఎస్ చాలు. మూడేళ్లు అన్ని వార్డులూ తిరిగివచ్చినవారికి, తమ డిగ్రీనే ప్రత్యేకంగా అడిగే ఉద్యోగం దొరకడం కష్టం. కొందరు కార్పొరేట్ ఆస్పత్రుల్లో డ్యూటీ డాక్టర్లవుతారు. కొందరు విమానమెక్కుతారు. ధైర్యం చేసి కాలనీలో క్లినిక్ తెరిచినవాళ్లు బోర్డు మీద డీఎన్‌బీ, ఫ్యామిలీ మెడిసిన్ అని రాయించి, దాని కింద అందరికీ తెలిసే మాటలు మరో వరుస రాయిస్తారు: పిల్లలు, పెద్దలు, గర్భిణులు, బీపీ, షుగర్, ఆయాసం, అన్నీ చూడబడును.