వాయుసేనకి పెద్ద దిక్కైన మన హైదరాబాదీ

విమానం చప్పుడు వినపడితే అన్నం ముందు నుంచి లేచి డాబా మీదికి పరిగెత్తే పిల్లలు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. పెద్దయ్యాక పైలట్ అవుతానంటే నవ్వి ఊరుకుంటాం కదూ! మన హైదరాబాదులో పుట్టి నిజాం కాలేజీలో చదివిన ఒకాయన పైలట్ అవడమే కాదు, ఏకంగా భారత వాయుసేనకే అధిపతి అయ్యారు. ఆయనే ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్.

1923లో పుట్టిన లతీఫ్ గారు 1942లో, పద్దెనిమిదేళ్ళకే వాయుసేనలో అధికారిగా చేరారు. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. ఇంగ్లండు పంపితే అక్కడ హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలు నడిపారు. తిరిగొచ్చి బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. ఆ వయసులో మన పిల్లలు పరీక్షలంటేనే బెంబేలెత్తిపోతారు!

ఆయనకి అసలు పరీక్ష 1947లో వచ్చింది. దేశంతో పాటు వాయుసేన కూడా రెండు ముక్కలైంది. ముస్లిం అధికారులు ఎటు ఉంటారో తేల్చుకోవాలి. యుద్ధంలో కలిసి పనిచేసిన అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాన్ వచ్చెయ్యమని పిలిచారు. ఇంకో చిక్కు చూడండి, సొంతూరు హైదరాబాదు అప్పటికి నిజాం ఏలుబడిలోనే ఉంది. 1948 సెప్టెంబరు దాకా ఇండియాలో కలవనే లేదు. అయినా మతం వేరు, దేశం వేరు అనుకుని ఆయన ఇక్కడే ఉండిపోయారు. ఆ మిత్రులిద్దరూ ఒకరి తర్వాత ఒకరు పాకిస్తాన్ వాయుసేనాధిపతులయ్యారు. 1965 యుద్ధంలో అవతలి వాయుసేనని నడిపించింది నూర్ ఖానే! తలుచుకుంటే నాకైతే మనసు కలుక్కుమంటుంది.

1978లో లతీఫ్ గారు మన వాయుసేన పగ్గాలు అందుకున్నారు. ఆ పదవికి వచ్చిన మొదటి ముస్లిం ఆయనే. జాగ్వార్ విమానాలు మనకి వచ్చింది ఆయన హయాంలోనే. 1981లో రిటైరయ్యే ముందు, 58 ఏళ్ళ వయసులో, ధ్వని కంటే రెండున్నర రెట్లకి పైగా వేగంతో పోగల మిగ్-25 కూడా ఎక్కి చూశారట. మనవలని ఎత్తుకునే వయసండీ అది!

తర్వాత మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్సులో రాయబారిగా చేసి, 1988లో హైదరాబాదు వచ్చేశారు. 2018లో, 94వ ఏట కన్నుమూశారు. అంతకు కొన్ని నెలల ముందే ఆయన భార్య బిల్కీస్ గారు పోయారు.

ఆవిడ గురించి చెప్పకపోతే ఎలా? మిలటరీ వాళ్ళ ఇల్లాలంటే సామాను విప్పడం, మళ్ళీ సర్దడం. ఆ తిరుగుళ్ళ మధ్యే సంఘసేవ చేశారు, పుస్తకాలు రాశారు. 2009లో పద్మశ్రీ వచ్చింది. తల్లి ఫ్రెంచి వనిత అయినా, 1999లో ఇంగ్లీషులో ఆవిడ వేసిన వంటల పుస్తకం మాత్రం అచ్చంగా మన ఆంధ్రా వంటలదే. హైదరాబాదీ వంటకాలు అదనం.